ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ రాదంటారు, ఎందుకని? పుట్టుకతో వచ్చిన రోగనిరోధక శక్తి దానికి చాలదా?

ఆటలమ్మ రెండోసారి రావడం చాలా అరుదు. కానీ దాన్ని తెచ్చిన వైరస్ ఒంట్లోంచి పోదు. మా నాయనమ్మకి అక్కి వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఈ సంగతి అర్థమైంది.

ముందు నడుముకి ఎడమపక్కన మంట. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగింది. మర్నాటికి వరసగా నీటిపొక్కులు. వీధిలో ఒకావిడ వచ్చి, "పొక్కులు నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదమ్మా, కుమ్మరాయన చేత అక్కి రాయించండి" అని చెప్పేసరికి నాయనమ్మ ఏడుపు. నేను పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కికి మాత్రలు పొక్కులు లేచిన మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. పొక్కుల మీద ఎర్రమట్టితో బొమ్మలు రాయించుకోవడానికి తిరిగి ఆ సమయం పోగొట్టుకుని, నెలల తరబడి నరాల నొప్పితో మూలిగినవాళ్ళని మా ఊళ్ళోనే చూశాను. తలా తోకా కలవడం ఉత్తి భయం. ఆ వైరస్ వెన్ను దగ్గర నరం మొదట్లో దాక్కుని, ఆ నరం పోయే దారిలోనే పైకొస్తుంది. అందుకే మామూలుగా ఒక పక్కనే ఉంటుంది.

నాయనమ్మకి అది ఎవరి నుంచీ అంటలేదు. చిన్నతనంలో పోసిన ఆటలమ్మ వైరసే. ఇన్నేళ్ళూ దాన్ని టి కణాలు (రోగాలతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకం) అదుపులో ఉంచాయి, వయసు మీదపడ్డాక ఆ పట్టు సడలింది.

ఆ సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. మూడేళ్ళవాడు, రాత్రిళ్ళు నాయనమ్మ పక్కలోనే పడుకునేవాడు. పండగ అయ్యి వాళ్ళు వెళ్ళిన కొద్దిరోజులకి వాడికి జ్వరం, ఆ వెంటనే ఆటలమ్మ. నాయనమ్మ పొక్కుల్లోని వైరసే వాడికి అంటింది. నాయనమ్మకి మందు రాసింది నేను, బట్టలు ఉతికింది అక్క, పక్కనే కూర్చుంది నాన్న. మా ముగ్గురికీ ఏమీ కాలేదు.

వాడు బలహీనుడు కాబట్టి వచ్చిందా? కాదు. వాడి చర్మం, ముక్కులో చీమిడి, కడుపులో ఆమ్లం, క్రిముల్ని మింగే తెల్లకణాలు అన్నీ బాగానే ఉన్నాయి. పుట్టుకతో వచ్చే రక్షణ అదే. గంటల్లో రంగంలోకి దిగుతుంది, కానీ ఎవరొచ్చినా ఒకేలా కొడుతుంది, వచ్చినవాడి మొహం గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకునేవి బి, టి కణాలనే వేరే రకం తెల్లకణాలు. కొత్త క్రిమికి సిద్ధం కావడానికి వాటికి రోజులు పడుతుంది, తెలిసిన క్రిమి అయితే చప్పున లేస్తాయి. మాకు ఆటలమ్మ ఎప్పుడో పోసింది కాబట్టి మా కణాలకి ఆ వైరస్ తెలుసు. వాడి కణాలకి తెలియదు.

ఈ గుర్తు ఎన్నాళ్ళుంటుందో 1846లో ఫారో దీవుల్లో పానుమ్ అనే డేనిష్ డాక్టర్ చూశాడు. దాదాపు 7,800 జనాభాలో 6,000 మంది దాకా తట్టు బారిన పడ్డారు. 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్ళకి మాత్రం 65 ఏళ్ళ తర్వాత కూడా రాలేదు. కుర్రాళ్ళకంటే ఆ ముసలివాళ్ళకి ఒంట్లో బలం ఎక్కువుందా?

అందుకే "ఇమ్యూనిటీ పెంచే" పొడులంటే నాకు ఒళ్ళు మంట. పిల్లాడికి ఇమ్యూనిటీ తక్కువని ఒక మందుల షాపులో మా అక్కకి పెద్ద డబ్బా అంటగట్టారు. ఏ పొడీ మన కణాలకి ఆటలమ్మ వైరస్ ఆనవాలు నేర్పదు. సరైన తిండి లేకపోతే రక్షణ తగ్గుతుంది, నిజమే. దానికి పప్పూ గుడ్డూ ఉన్నాయి. పొడులకి డబ్బులు పోసేవాళ్ళలోనే కొందరు బాలింత ముర్రుపాలు పిండి పారబోయిస్తారు. క్రిముల్ని పట్టి అడ్డుకునే యాంటీబాడీలు దండిగా ఉండేది ఆ పాలలోనే! కడుపులో ఉండగా మాయ ద్వారా వచ్చిన తల్లి యాంటీబాడీలు కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. మన దగ్గర తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక వేయడానికి అదొక కారణం.

ఆటలమ్మ టీకా మాత్రం ప్రభుత్వం ఉచితంగా వేసేవాటిలో లేదు, పిల్లల డాక్టర్ దగ్గర కొని వేయించుకోవాలి. అది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. మా అక్క రెండో పాపకి పదిహేను నెలలు దాటగానే వేయించింది. మీ ఇంట్లో ఎవరికైనా అక్కి వస్తే పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా వాటిని బట్టతో కప్పి ఉంచండి. ఆటలమ్మ రాని పిల్లల్ని, గర్భిణుల్ని, పసికందుల్ని దగ్గరికి రానివ్వకండి.