ఐదేళ్ల పాపతో గంటలో అయిపోయే పండగ అలంకరణ ఏదైనా ఉందా?

ఐదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు, ఇంట్లో ఉన్న సామానుతోనే అవ్వాలి అన్నారు కదా. రంగు కాగితాల గొలుసు చేయించండి. ఎ4 కాగితాన్ని అడ్డంగా రెండున్నర సెంటీమీటర్ల పట్టీలుగా కోస్తే 11 వస్తాయి. ఒకదాన్ని గుండ్రంగా చుట్టి అంటించాలి, తర్వాతి పట్టీని అందులోంచి దూర్చి అంటించాలి, అంతే. 5 కాగితాలు పెడితే గొలుసు 3 మీటర్లు దాటుతుంది. నీళ్లగా ఉండే గమ్ము వాడకండి, కాగితం ముడతలు పడుతుంది, అది ఆరేదాకా పిల్లలు ఆగరు. గ్లూ స్టిక్ చాలు. గ్లిట్టర్ అయితే ఇంట్లోకే రానివ్వకండి. మా సోఫా సందుల్లో మూడేళ్ల కిందటిది ఇంకా మెరుస్తూనే ఉంది. అదంతా సన్నటి ప్లాస్టిక్కే. యూరోపియన్ యూనియన్ 2023లోనే విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకానికి అడ్డుకట్ట వేసింది, మనమేమో పిల్లల చేతికిస్తున్నాం.

ఇక కత్తెర సంగతి. మా పాపకీ అప్పుడు ఐదేళ్లే. వాళ్లన్నయ్య చకచకా పట్టీలు కోసేస్తున్నాడు. ఇది కత్తెర మూస్తుంటే కాగితం తెగట్లేదు, రెండు రేకుల మధ్య మడత పడి నలిగిపోతోంది. నాలుగు కాగితాలు పాడయ్యాక నాకు విసుగొచ్చి, "నీకు రాదులే, నువ్వు అంటించు" అనేశాను. వాడు నవ్వాడు. పాప ఏడవలేదు. ఒక కాగితం తీసుకుని మడిచి, మడత మీద గోటితో రుద్ది, చేత్తో చించుకుంటూ కూర్చుంది. రంగు ఒకవైపే ఉన్న కాగితం కదా, చించినచోట అంచున తెల్లటి నూగు తేలింది. గొలుసు కట్టాక చూస్తే మేం కోసిన రింగులకన్నా అవే బాగున్నాయి.

రాత్రి చెత్త ఊడుస్తూ ఎందుకో ఆ కత్తెర ఎడమ చేత్తో పట్టుకుని చూశాను. మా పాపది ఎడమ చేతివాటం. నాకూ కాగితం నలిగింది! మామూలు కత్తెర కుడిచేతికి చేసింది. కుడిచేత్తో మూసేటప్పుడు మన వేళ్లు తెలియకుండానే రెండు రేకుల్నీ ఒకదానికొకటి అదుముతాయి, అందుకే తెగుతుంది. ఎడమ చేత్తో పడితే అదే బలం రేకుల్ని విడదీస్తుంది. పైగా కుడివైపున్న పై రేకు అడ్డొచ్చి గీసిన గీత కనపడదు. కత్తెర తిరగేసి పట్టుకున్నా లాభం లేదు, మళ్లీ కుడి రేకే పైకి వస్తుంది.

దీన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి పదిమందిలో దాదాపు ఒకరిది ఎడమ చేతివాటమే అయినా, పిల్లల క్రాఫ్ట్ సెట్లు చాలావరకు కుడిచేతివే. "రెండు చేతులకీ పనికొస్తుంది" అని రాసున్నది కొన్నా మోసపోయాను. పిడి మాత్రమే రెండు వైపులా ఒకేలా ఉంది, రేకులు మాత్రం షరా మామూలే. ఎడమ చేతి కత్తెర అని విడిగా ఉంటుంది, అందులో ఎడమ రేకు పైన ఉంటుంది. అదే అడిగి కొనాలి. బిడ్డకి పని చేతకాదనే తల్లుల్లో సగం మంది ముందు కత్తెర చూసుకోవాలంటాను, నాతో కలిపి.

మీ పాపది ఏ చేతివాటమో మీరు రాయలేదు. కుడిదైతే ఈ గోలేం లేదు. ఎడమదైతే, కత్తెర దొరికేదాకా స్టీలు స్కేలు గట్టిగా అదిమి పెట్టి దాని అంచున చించడం నేర్పండి.

మరుసటి పండక్కి పాపకి తన కత్తెర వచ్చింది. వాళ్లన్నయ్య లాక్కుని కుడిచేత్తో కోయబోయాడు. కాగితం నలిగింది. పాప తల కూడా ఎత్తకుండా, "నీకు రాదులే, నువ్వు అంటించు" అంది.