నడకకు గొడుగు, రాత్రికి గూడు: పాంచో టార్ప్ ఒక్కటే చాలుతుందా?

వానాకాలంలో దక్షిణ ఒడిశాలోని మహేంద్రగిరి కొండ వైపు రెండు రోజుల నడకకు రెయిన్‌కోటూ టెంటూ వేర్వేరుగా మోయకుండా పాంచో టార్ప్ (నడిచేటప్పుడు నడిమి కంతలో తల దూర్చి తొడుక్కుని, రాత్రికి విప్పి తాళ్లతో కప్పుగా కట్టుకునే వానగుడ్డ) ఒక్కదానితో నెట్టుకురావచ్చా అని మీరు అడిగారు. పర్లాకిమిడిలో ఉంటూ నాలుగు వానాకాలాలుగా ఆ కొండల్లో దానినే వాడుతున్నాను. నెట్టుకురావచ్చు, అయితే ఒంటి మీది గుడ్డ నెత్తి మీది కప్పుగా మారే ఆ పది నిమిషాలకు ముందే సిద్ధపడి ఉండాలి.

నడిచేటప్పుడు దానికి పెద్దగా వంక పెట్టలేను. ఊడ్పుల వేళ నెత్తిన పెట్టుకునే తాటాకు గిడుగులాగే పక్కలు తెరిచి ఉంటుంది కనుక రెయిన్‌కోటులో పోసినంత చెమట పోయదు, పైగా వీపు మీది సంచిని కూడా కప్పుతుంది. గాలికి ఎగరకుండా నడుముకు తాడు కట్టుకోవాలి. నిటారు దిగుడులో ముందు అంచు పాదాలను కనపడనివ్వదు కాబట్టి అక్కడ దానిని ఎత్తి ఆ తాడులోనే దోపుకుంటాను.

చిక్కంతా ఆగిన తరువాతే. మొదటి ఏడాది సెప్టెంబరులో మా బావమరిదీ నేనూ జడివానలోనే మకాం వేయవలసి వచ్చింది. ఎవరి పాంచో వారికి ఉన్నా, విప్పినప్పటి నుంచి తాళ్లు బిగించేదాకా ఇద్దరమూ నిలువునా తడిశాము. తల దూరే కంతను నేను సరిగా కట్టనందున రాత్రంతా నా ఛాతీ మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు మూలలకు తాళ్లు ఇంటి దగ్గరే కట్టి, చుట్టలుగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసుకుంటాను. చీకటి పడకముందే, వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు ఆగి, పాంచో ఒంటి మీద ఉండగానే వెనుక మూలలను చెట్లకు కట్టి, తలను చివరన బయటికి తీస్తాను. తలముసుగును మెలిపెట్టి తాడుతో బిగించి, ఆ తాడును పై కొమ్మకు లాగి కడితే అక్కడ నీరు నిలవదు.

నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది కనుక పడుకునే ముందు తాళ్లను మరొకసారి బిగించడం తప్పనిసరి. కట్టుతాడు వెంట నీరు లోపలికి పాకకుండా, గుడ్డకు జానెడు దూరంలో ఒక దారం ముక్కను వేలాడగడితే నీరు దాని కొసనుంచే కారిపోతుంది. నా టార్ప్ సుమారు 150 సెంటీమీటర్ల వెడల్పు, 260 సెంటీమీటర్ల పొడవు, 300 గ్రాముల బరువు. అది ఒక్కరికే, అదీ ఇరుకుగానే సరిపోతుంది. కింద పరిచే బరకం దాని అంచులు దాటకూడదు, దాటితే పైనుంచి కారిన నీరంతా బరకం మీదికే చేరుతుంది. దక్షిణ ఒడిశా కొండల్లో మలేరియా ఉన్నందున లోపల దోమతెర కట్టకుండా నేను ఏనాడూ పడుకోలేదు.

1,501 మీటర్ల శిఖరం దగ్గరి బయలులో మాత్రం దీనిని కట్టవద్దు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, కిందనున్న చెట్ల మధ్య, వాలు మీద, ఎండుకొమ్మలు నెత్తి మీద లేనిచోట కట్టుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నదంటే ప్రయాణమే మానుకోండి: అది తీరం దాటేటప్పుడు గాలి దిక్కు మారుతుంది, సాయంత్రం గాలికి వీపుగా కట్టుకున్న కప్పులోకే అర్ధరాత్రి జల్లు ఎదురుగా కొడుతుంది.