నో కాస్ట్ ఈఎంఐలో డెబ్బై వేల కెమెరా తీసుకోవచ్చా?

ప్రశ్న: కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు రూ.46,000 వస్తాయి. ఇంటి రుణ వాయిదాతో కలిపి రూ.38,000 ఖర్చవుతాయి. పొదుపు ఖాతాలో రూ.90,000 ఉన్నాయి. సెలవుల్లో కోరింగ మడ అడవులు, మారేడుమిల్లి, ఆటపాక పక్షుల కేంద్రం తిరిగి ఫొటోలు, వీడియోలు తీస్తుంటాను. రూ.70,000 కాంపాక్ట్ కెమెరాను 12 నెలల నో కాస్ట్ ఈఎంఐపై కొనవచ్చా? ఎలాంటిది ఎంచుకోవాలి?

జవాబు: ఖాతాలోని రూ.90,000ను ముందుగా ఈ లెక్కలోంచి తీసేయండి. మీ ఖర్చులను బట్టి కనీసం మూడు నెలలకు సరిపడా, అంటే రూ.1,14,000 అత్యవసర నిధి ఉండాలి. దానికే ఇంకా రూ.24,000 తక్కువ పడుతోంది. నెలనెలా మిగిలే రూ.8,000తో మూడు నెలల్లో ఆ లోటు పూడ్చి, తర్వాతి తొమ్మిది నెలలు అదే మొత్తాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే రూ.72,000 సమకూరుతాయి. ఈఎంఐ కట్టినా పట్టేది అదే ఏడాది కదా!

నో కాస్ట్ అన్నది పేరుకే. బ్యాంకు వడ్డీ వసూలు చేస్తుంది, అమ్మకందారు అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపుతాడు. 15 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు రూ.5,833 చొప్పున మీరు కట్టే రూ.70,000లో వడ్డీ భాగం సుమారు రూ.5,370 ఉంటుంది; దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు రూ.967, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ రుసుము అదనం. నగదుకు దుకాణదారు ఎంత తగ్గిస్తాడో అడిగి చూడండి. ఈఎంఐతో మీరు వదులుకుంటున్నది ఆ తగ్గింపునే.

ఇక ఎంపిక. మీరు చెప్పిన మూడు చోట్లా అవసరాలు వేరు. కోరింగలో చెక్క వంతెన మీద నడుస్తూ తీసే వీడియోకు, కొమ్మల నీడా వాటి సందుల్లోంచి పడే ఎండా మార్చి మార్చి ఎదురవుతాయి కాబట్టి, 1 అంగుళం సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే భాగం), లోపలే ఎన్‌డీ ఫిల్టర్ (లోపలికి వచ్చే వెలుగును తగ్గించేది) ఉన్న సోనీ జడ్‌వీ-1 వంటిది నప్పుతుంది. కానీ దాని జూమ్ 24-70 మి.మీ. మాత్రమే, ఆటపాకలో చెట్ల మీది పెలికాన్లు అందులో తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. 24-200 మి.మీ. జూమ్ ఉన్న సోనీ ఆర్‌ఎక్స్100-7 కొంత దగ్గరకు తెస్తుంది గానీ అందులో ఎన్‌డీ ఫిల్టర్ లేదు, ధరా ఎక్కువే. మారేడుమిల్లి వానలో, జలపాతాల దగ్గర తిరగడమే ముఖ్యమైతే 15 మీటర్ల లోతు నీటిని తట్టుకునే ఓఎం సిస్టమ్ టీజీ-7 ఉంది. సెన్సర్ చిన్నది కాబట్టి సంధ్యవేళ బొమ్మ మసకగా వస్తుంది. ఈ మూడింటి పనీ ఒక్క కెమెరా చేయదు. మీ పాత వీడియోలు తిరగేసి, ఎక్కువగా ఏం తీశారో లెక్కపెట్టి చూడండి. వీలైతే ఒక ఆదివారం అద్దెకు తెచ్చి వాడండి.

కెమెరా ధరతోనే ఖర్చు ఆగదు. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 4కె వీడియో తీస్తే గంటకు 45 జీబీ నిండుతుంది. ఈ చిన్న కెమెరాల బ్యాటరీ వీడియోకు గంట కూడా ఆగదు కాబట్టి మారేడుమిల్లి వెళితే రెండు మూడు వెంట ఉండాలి. కార్డులు, బ్యాటరీలు, సంచీ, చిన్న ట్రైపాడ్ కోసం రూ.10,000 పక్కన పెట్టి, మిగతా దానిలోనే కెమెరా చూసుకోండి. చవగ్గా వస్తోందని బిల్లు లేనిది తీసుకోవద్దు. నేనూ ఒకసారి అలా కొన్నాను, లెన్సు బయటికొచ్చి బిగుసుకుపోతే వారంటీ వర్తించదన్నారు.

మీ పేరిట బిల్లు ఉండటానికి మరో కారణమూ ఉంది. రేపు ఈ వీడియోలపై ఆదాయం వచ్చి, దాన్ని వ్యాపార ఆదాయంగా లెక్కలు రాసి చూపితే, కెమెరాపై ఏటా 15 శాతం తరుగుదలను (వాడకంతో తగ్గే విలువను) ఖర్చుగా చూపవచ్చు. తొలి ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే వర్తిస్తుంది. జీతం ఆదాయంలోంచి మాత్రం ఈ ఖర్చును తగ్గించుకోలేరు.