ప్రకృతి మీద ప్రేమ: మా టెక్కలి వైపు, జర్మనీలో నేను చూసింది

"విదేశాల్లో జనానికి ప్రకృతి మీద మనకంటే ఎక్కువ ప్రేమ ఉంటుందా?" అని అడిగారు. అన్ని దేశాల సంగతీ నాకు తెలియదు. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. ఎనిమిదేళ్ళుగా జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. ఈ రెండు చోట్లా చూసింది చెబుతాను.

వచ్చిన రెండో ఏడాది మార్చిలో మా పక్కింటావిడ, డెబ్భై దాటిన పెద్దావిడ, పొద్దున్నే ఆరింటికి బకెట్ పట్టుకుని వెళ్తూ కనిపించారు. ఎక్కడికని అడిగితే, రమ్మని తీసుకెళ్ళారు. ఊరి చివర అడవికీ చెరువుకీ మధ్యగా రోడ్డు పోతుంది. చలి తగ్గి వాన పడిన రాత్రుల్లో బోదురుకప్పలు అడవిలోంచి బయల్దేరి, గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన చెరువుకే వెళ్తాయి. దారిలో కార్ల కింద పడి నలిగిపోతాయి. అందుకని రోడ్డు పక్కన మోకాలెత్తు ప్లాస్టిక్ కంచె కట్టి, దాని వెంట నేలలో బకెట్లు పాతిపెడతారు. కంచె దాటలేక పక్కగా నడుస్తూ కప్పలు వాటిలో పడతాయి. తెల్లారగానే వాటిని రోడ్డు దాటించి వదలాలి. ఆ రోజు నా వంతుకి పదకొండు వచ్చాయి. ఒక పెద్ద ఆడకప్ప వీపు మీద చిన్న మగకప్ప గట్టిగా పట్టుకుని ఉంది. విడదీయొద్దన్నారావిడ. ఆడవెన్ని, మగవెన్ని అని నోట్‌బుక్‌లో రాసుకుని, చేతులు తుడుచుకుని ఇంటికెళ్ళిపోయారు. జర్మనీలో ప్రతి వసంతంలో ఇలా చేసేవాళ్ళు వేలమంది.

ఆ కప్పకీ ఆవిడకీ ఏ సంబంధమూ లేదు. అది అందమైనది కాదు, ఏ దేవుడి వాహనమూ కాదు. నన్ను కదిలించింది అదే. వానలు లేకపోతే మన ఊళ్ళలో కప్పని రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయిస్తాం. వాన పడ్డాక ఆ కప్ప ఏమైందని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అలాగని మనకి ప్రేమ లేదంటే ఒప్పుకోను. మా అమ్మమ్మగారిది టెక్కలి దగ్గరే ఉన్న తేలినీలాపురం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కడతాయి. చెట్టు కింద నిలబడితే చేపల కంపు, నెత్తిన రెట్ట. వాకిలి ఎన్నిసార్లు ఊడ్చినా అంతే. అయినా ఒక్కరు రాయి విసరరు. "పురిటికొచ్చిన ఆడపిల్లలురా, విసుక్కోకూడదు" అంటుంది అమ్మమ్మ. అవి రావడం ఆలస్యమైతే ఇంట్లో అందరికీ టెన్షన్. ఇంత ఆప్యాయత నాకు జర్మనీలో ఎక్కడా కనపడలేదు. కానీ అదే అమ్మమ్మ ఇంటి చెత్తంతా కవర్లో మూటకట్టి గెడ్డలో, అంటే వాగులో, పడేస్తుంది. పక్షులు తన పిల్లలు, గెడ్డ ఎవరిదీ కాదు. మన దయ చాలా లోతైనదే గానీ, చుట్టరికం ఉన్నంత మేరకే పోతుందని నాకనిపిస్తుంది.

కాగితం మీద చూస్తే మనమే ముందు. ప్రకృతిని కాపాడటం, ప్రాణుల మీద దయ చూపడం పౌరుడి విధి అని 1976లోనే 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నాం. జర్మనీ రాజ్యాంగంలోకి ప్రకృతి రక్షణ 1994లో, జంతువుల రక్షణ 2002లో వచ్చాయి. తేడా అంతా పాటించడంలో ఉంది. ఇక్కడ మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు పొదల్నీ, కంచెగా పెంచిన మొక్కల్నీ మొదలంటా నరకకూడదు, పక్షులు గూళ్ళు కట్టుకునే కాలం కాబట్టి. తెలియక నేను మే నెలలో మొదలుపెడితే ఎదురింటాయన పరుగున వచ్చి ఆపారు.

జర్మన్లని ఆకాశానికెత్తడానికీ మనసొప్పదు. 2023 జనవరిలో లిగ్నైట్ బొగ్గు గనిని పెంచడానికి ల్యుట్సెరాత్ అనే పల్లెలో అడ్డం కూర్చున్నవాళ్ళని పోలీసులతో లాగించేసి, మిగిలిన ఇళ్ళు కూల్చేశారు. ఆ వార్త చూస్తూ మా పక్కింటావిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఈ కప్పల సంగతి ఫోన్‌లో చెబితే అమ్మమ్మ, "రోడ్డేసేటప్పుడే వాటి దారి చూసుకోవాలి కదరా" అంది. కొన్నిచోట్ల రోడ్డు కింద కప్పల కోసం చిన్న సొరంగాలు కట్టారు కూడా. మా రోడ్డుకీ కట్టమని నిరుడు వీధివాళ్ళమంతా కలిసి అర్జీ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు. ఈ మార్చిలో కూడా బకెట్లే.