పాఠకుల ప్రశ్న: పాత వెండితో చేసినంత మాత్రాన పర్యావరణ హితమేనా?

ప్రశ్న: వెండి తీగతో, సముద్రపు గవ్వలతో చెవిదుద్దులు, లాకెట్లు ఇంట్లోనే చేసి అమ్ముతున్నాను. పాత పట్టీలను నేనే కరిగించి వాడుతున్నాను కనుక పెట్టె మీద ‘పర్యావరణ హితం’ అని వేయించవచ్చునా? అతుకు పెట్టాక వెండిని శుభ్రం చేసే పలుచని గంధకామ్లంలో చివరకు వంటసోడా కలిపి సింకులో పోస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: సింకు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే మీ పనిలో అసలు హాని అక్కడే ఉంది. వంటసోడా ఆమ్లాన్ని విరుస్తుంది గాని, అందులో కరిగిన రాగిని మాయం చేయదు. 92.5 శాతం వెండిలో తక్కిన 7.5 శాతం సాధారణంగా రాగే. కాల్చినప్పుడు పైన నల్లగా ఏర్పడే రాగి ఆక్సైడు ఆమ్లంలో కరిగి ద్రావణాన్ని నీలంగా మారుస్తుంది. చేపలకు, నాచుకు, గవ్వల్లో బతికే ప్రాణులకు రాగి కొద్ది మోతాదులోనైనా విషమే, విశాఖ గెడ్డలు (వాగులు) చేరేదేమో సముద్రానికే.

ద్రావణం పని చేయడం మందగించాక, సోడా కలపకముందే, అందులో ఇనుప పీచు వేసి రెండు రోజులు ఉంచితే ఇనుము కరుగుతూ రాగిని తన మీదికి తీసుకుంటుంది. అప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక మూత బిగించకుండా, మంటకు దూరంగా, ఆరుబయట ఉంచండి. ఆ తరువాత పొంగు ఆగేవరకు సోడాను కొద్దికొద్దిగా కలిపి, అడుగున చేరిన మడ్డిని ఎండబెట్టి, ఇంటి చెత్తలో కలపకుండా సీసాలో విడిగా దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికే అప్పగించండి.

గంధకామ్లానికి బదులు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును ఏడెనిమిది రెట్ల వేడి నీళ్లలో కలిపి వాడవచ్చు. కంసాలులు వాడే పటిక కూడా పనికొస్తుంది. అయితే నిమ్మ ఉప్పు రాగిని గట్టిగా పట్టి ఉంచుతుంది, సోడాతో సులభంగా విడవదు కనుక, ఇనుప పీచు వేయడం అక్కడ మరింత అవసరం. వాడకంలో ఉన్న ద్రావణంలో మాత్రం ఇనుప పట్టకారు ముంచకండి, రాగి వచ్చి మీ వెండికే అంటుకుంటుంది.

పాత వెండి వాడడం మంచిదే. మన దేశపు గనుల వెండి ప్రధానంగా సీసం, జింకు ఖనిజాలతో పాటు వచ్చేదే కనుక, ఆ మేరకు తవ్వకం తగ్గుతుంది. కానీ పాత పట్టీల అతుకుల్లో కాడ్మియం అనే విషలోహం ఉండవచ్చు. అది 767 డిగ్రీల సెల్సియస్ వద్దే ఆవిరవుతుంది. శుద్ధ వెండి కరిగేది సుమారు 962 డిగ్రీల వద్ద. అంటే వెండి కరిగేలోపే విషపు పొగ మీ ఊపిరితిత్తులకు చేరుతుంది. పట్టీలను శుద్ధి చేసేవారికి ఇచ్చి వెండి తెచ్చుకోండి, ఇంట్లో మీ సొంత తీగ ముక్కలనే కరిగించండి. శుద్ధికీ ఆమ్లాలు కావాలి కనుక ‘పర్యావరణ హితం’ అన్న గంపగుత్త మాట నాకు నచ్చదు. ‘పాత వెండి, కాడ్మియం లేని అతుకు’ అని, నిజమైతేనే, వేయించండి.

ఇక గవ్వలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో పగడపు దిబ్బలను కట్టే ప్రాణులతో పాటు కొన్ని గవ్వలు, శంఖాలు కూడా ఉన్నాయి. బీచిలో బహిరంగంగా అమ్ముతున్నారు కదా అని కొనడం సమర్థన కాదు. జాతి తెలియనిది కొనకండి. వంటింట్లో మిగిలే ఆల్చిప్పలు వాడుకోవచ్చు, వాటిని తడిపి మాత్రమే అరగదీయండి, పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. రంగు కావాలంటే 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్క పని పక్కనే, అనకాపల్లి జిల్లాలో ఉంది. అంకుడు కర్ర మీద లక్క పూసిన పూసలు చేయించుకోండి, సహజ రంగులే వేశారా అని మాత్రం అడిగి తీసుకోండి.