లినక్స్ క్లయింట్ విండోస్‌లో నడవాలంటే?

ప్రశ్న: సర్వర్లను దూరం నుంచి నిర్వహించే చిన్న క్లయింట్ ప్రోగ్రామ్‌ను లినక్స్ కోసం సి భాషలో రాసుకున్నాం. ఇప్పుడు కస్టమర్లు విండోస్‌లో, మ్యాక్‌లో కూడా కావాలంటున్నారు. విండోస్‌లో కంపైల్ చేస్తే బోలెడు ఎర్రర్లు. మొత్తం తిరగరాయాలా? విండోస్‌లో యూనిక్స్ వాతావరణాన్ని కల్పించే సిగ్విన్‌తో నెట్టుకురావచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తిరగరాయకండి. ఎర్రర్లు చూసి టెన్షన్ కూడా వద్దు. కంపైలర్ పట్టుకునేవి తేలికవి, అసలు చిక్కులు అన్నీ కంపైల్ అయ్యాక మొదలవుతాయి.

మ్యాక్ కూడా లినక్స్ లాగే యూనిక్స్ కుటుంబమే. ఈపోల్ (చాలా కనెక్షన్లను ఒకేసారి గమనించే లినక్స్ ఫంక్షన్) వాడి ఉంటే అదే పనికి మ్యాక్‌లోనూ ఉండే పోల్‌కి మార్చండి, పెద్ద పని అయిపోయినట్టే.

విండోస్‌లో నన్ను బాగా విసిగించింది సెలెక్ట్, అంటే డేటా ఎటు నుంచి వచ్చిందో కనిపెట్టే ఫంక్షన్. పేరు అదే గానీ అక్కడ అది సాకెట్లకే (నెట్‌వర్క్ కనెక్షన్లకే) పనిచేస్తుంది. నెట్‌వర్క్‌నీ కీబోర్డునీ ఒకే సెలెక్ట్‌తో కనిపెట్టుకుని ఉండే మీ లూప్ అక్కడ నడవదు. కీబోర్డు చదవడానికి విడిగా థ్రెడ్ పెట్టడం తేలికైన దారి. నడుస్తున్న ప్రోగ్రామ్‌కి నకలు తీసే ఫోర్క్ కూడా లేదు. దాని బదులు ఉన్న క్రియేట్‌ప్రాసెస్ కొత్త ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి నడుపుతుందే తప్ప, నడుస్తున్నదానికి నకలు తీయదు. ఇక లాగిన్ రహస్య కీ ఉండే ఫైలుకి 600 పర్మిషన్ (యజమాని మాత్రమే చదవగల, రాయగల అనుమతి) ఉందా అని చూసే తనిఖీ. అక్కడ దాన్ని ఏసీఎల్‌లతో (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే జాబితాలతో) మళ్లీ రాయాలి. పోర్టింగ్ పేరుతో ఆ తనిఖీనే పీకేసిన కోడ్ చూశాను, ఆ పని మాత్రం చేయకండి.

ఇవన్నీ ఇఫ్‌డెఫ్‌లతో (ఏ సిస్టమ్‌కి ఏ కోడ్ అని కంపైలర్‌కి చెప్పే లైన్లతో) కోడంతా చల్లితే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. సర్వర్లలోకి దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతి చూడండి. దాన్ని రాసే ఓపెన్‌బీఎస్‌డీ (ఒక యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) వాళ్లు అసలు కోడ్‌ను తమ సిస్టమ్ కోసమే శుభ్రంగా రాసుకుంటారు. మిగతా సిస్టమ్‌లకు కావలసినవి చేర్చి, వెర్షన్ చివర 'పి' తగిలించి వేరుగా విడుదల చేస్తారు. సిస్టమ్‌లో లేని ఫంక్షన్లకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరే ఉంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను విండోస్‌కి తెస్తామని మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించింది, విండోస్ 10లో అది స్థిరపడేసరికి 2018 వచ్చింది. మీ బాస్ వారంలో కావాలంటే ఈ తేదీలు చూపించండి.

సిగ్విన్ డెమోకి ఫర్వాలేదు. కస్టమర్‌కి ఇస్తే దాని డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైలు) వెంట పంపాలి, పైగా అది ఫోర్క్‌ను అనుకరించే తీరు చాలా నిదానం.

చివరగా, తెలుగు పేరున్న యూజర్ ఫోల్డర్ నుంచి ఒకసారి నడిపి చూడండి. ఫైళ్లు తెరవడానికి మామూలు ఎఫ్‌ఓపెన్ వాడితే కీ ఫైలు కళ్లెదుటే ఉన్నా దొరకలేదంటుంది. యూనికోడ్ పేర్లు తీసుకునే డబ్ల్యూఎఫ్‌ఓపెన్‌కి మారండి.