నర్సింగ్‌లో చేరడానికి ఎన్ని కాలేజీలకు దరఖాస్తు చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 30. ఇంటర్‌లో బైపీసీ, ఆ తర్వాత బీకాం చదివాను. ఒక ప్రైవేటు సంస్థలో నెలకు 19,000 రూపాయల జీతానికి (మూల వేతనం 12,000) అకౌంట్స్ చూస్తున్నాను. వచ్చే అక్టోబరుకు అక్కడ ఐదేళ్లు నిండుతాయి. మా ఆయన ఆరెకరాల మెట్టలో వేరుశనగ వేస్తారు. వాన బాగుంటే ఖర్చులు పోను ఏడాదికి 1,20,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు నెలకు 14,000. ఆరేళ్ల పాప ఉంది. ఉద్యోగం మాని నర్సింగ్ చదవాలని నిర్ణయించుకున్నాను. ఒక ఏజెంటు 11 కాలేజీల జాబితా ఇచ్చారు, అందులో ఎనిమిది బెంగళూరువే. ఒక్కో దరఖాస్తుకు 1,500, మూడు చోట్ల సీటు బ్లాక్ చేయడానికి 25,000 చొప్పున జూన్‌లోగా కట్టమంటున్నారు. 1,80,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, సెప్టెంబరులో లక్ష రూపాయల చీటీ చేతికి వస్తుంది. ఎన్ని కాలేజీలకు దరఖాస్తు చేయడం మంచిది?

జవాబు: అమ్మా, మీ పరిస్థితిలో మూడు దరఖాస్తులు చాలు. ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఈ మాట ఎందుకు అంటున్నానో మీ అంకెలతోనే చూపిస్తాను.

నర్సింగ్ చదువులో తరగతులతో పాటు ఆసుపత్రి డ్యూటీలు ఉంటాయి, హాజరు తప్పనిసరి. కాబట్టి ఉద్యోగం చేస్తూ చదవవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. కాలేజీకి రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తామని చెప్పేవారిని గడప తొక్కనివ్వవద్దు. చదువు మొదలైన నెల నుంచి మీ జీతం ఆగిపోతుంది, మిగిలేది వేరుశనగ ఒక్కటే. మంచి ఏడు కూడా ఇంటి ఖర్చుకు 48,000 తక్కువ పడుతుంది, వాన లేని ఏడు 1,68,000 మొత్తం చేతి నుంచే పెట్టాలి. మన జిల్లాలో నాలుగేళ్లకు ఒక్క ఏడైనా పంట పోదని అనుకోవడం లెక్క అనిపించుకోదు. ఆ ఒక్క ఏడును కలుపుకుంటే, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తయ్యే లోపు ఇల్లు గడవడానికే 3,12,000 కావాలి. మీ డిపాజిట్, చీటీ, ఐదేళ్లు నిండాక వచ్చే గ్రాట్యుటీ (12,000ను 15తో హెచ్చించి 26తో భాగించి, ఐదేళ్లకు లెక్కిస్తే సుమారు 34,600) కలిపితే 3,14,600 అవుతుంది. అంటే మీరు కూడబెట్టినదంతా ఇంటికే సరిపోతుంది, కాలేజీ ఫీజుకు అందులో ఏమీ మిగలదు. పీఎఫ్ జోలికి వెళ్లవద్దు, అది మీ ముసలితనానిది.

మరి ఫీజు ఎక్కడి నుంచి రావాలి? కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే సీట్లలో) సీటు వచ్చి, కుటుంబ ఆదాయం పరిమితిలో ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు వీలుంటుంది, మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఆ వీలు లేదు. అయితే మీకు ఇప్పటికే బీకాం ఉంది కనుక, మరో డిగ్రీకి అది వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి, దాన్నే నమ్ముకోవద్దు. రెండో దారి విద్యా రుణం. బ్యాంకులు 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తాయి, విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. వడ్డీ 10 శాతం అనుకుని, ఏడాదికి లక్ష చొప్పున తీసుకుంటే, చదువు ముగిసి మరో ఏడాది గడువు తీరేసరికి అసలు 4 లక్షలపై 1,40,000 వడ్డీ చేరుతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేరే స్టాఫ్ నర్సుకు మీ ఇప్పటి జీతం కంటే ఎక్కువ వస్తుందని ముందే లెక్క వేసుకోవద్దు కనుక, అంతకు మించిన అప్పు మీ ఇంటికి మోయలేని బరువు. మీరు చేరగల కాలేజీకి హద్దు ఇక్కడ తేలిపోయింది: ఏడాదికి అన్నీ కలిపి లక్ష రూపాయల లోపు. జాబితాలో ఈ హద్దు దాటినవన్నీ కొట్టివేయండి. చేరే స్తోమత లేని కాలేజీకి దరఖాస్తు చేస్తే అవకాశం పెరగదు, ఖర్చు పెరుగుతుంది. బెంగళూరు కాలేజీల విషయంలో, హాస్టల్‌కు నెలకు 6,000 అనుకున్నా నాలుగేళ్లకు 2,88,000 అదనం. ఆరేళ్ల పాపను విడిచి ఉండడం సంగతి నేను అంకెల్లో పెట్టలేను.

ఇక ఆ మూడు దరఖాస్తులు. మొదటిది బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించే ఈ కౌన్సెలింగ్‌కు ఇటీవలి సంవత్సరాల్లో ఏపీ ఈఏపీసెట్ ర్యాంకునే ఆధారంగా తీసుకుంటున్నారు కనుక, ఇంటర్ పుస్తకాలు మళ్లీ తెరవాలి. ఇక్కడ ఒకే దరఖాస్తుతో ఎన్ని కాలేజీలనైనా వెబ్ ఆప్షన్లలో పెట్టుకోవచ్చు, అదనపు ఖర్చు లేదు. రాయలసీమ, నెల్లూరు జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి కాబట్టి, కర్నూలు, కడప కాలేజీల్లోనూ మీరు స్థానికులే. అయినా ముందు అనంతపురం, ఆ తర్వాత బస్సులో రోజూ వెళ్లి రాగల ఊళ్లు, ఆపైన మాత్రమే కర్నూలు ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ లాంటివి పెట్టండి. పాపను చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే కర్నూలును అసలు పెట్టవద్దు, ఎందుకంటే చేరలేని కాలేజీ పై వరసలో ఉండి సీటు వస్తే, చేరగలిగే కాలేజీ కింద మిగిలిపోతుంది.

రెండోది జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా. దీని నోటిఫికేషన్ వేరుగా వస్తుంది. మీ పెద్దలు దీన్ని తక్కువగా చూడవచ్చు కానీ, మీకు ఇదే బాగా సరిపోతుందని నా అభిప్రాయం. చదువు మూడేళ్లే కాబట్టి, ఒక పంట పోయిన ఏడును కలుపుకున్నా ఇంటికి 2,64,000 చాలు, చేతిలో 50,000 మిగులుతుంది, జీతం ఒక ఏడాది ముందే మొదలవుతుంది. ఉద్యోగంలో కుదురుకున్నాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. గరిష్ఠ వయసు 35 కనుక, ఈ ఏడాది సీటు రాకపోయినా తలుపు మూసుకుపోదు. మరో ఏడాది జీతం తీసుకుంటూ డిపాజిట్ పెంచుకుని మళ్లీ ప్రయత్నించవచ్చు. 11 కాలేజీలకు పరుగెత్తాల్సిన అవసరం మీకు లేకపోవడానికి ఇది పెద్ద కారణం.

మూడోది, మీ ఊళ్లోనో దగ్గరలోనో లక్ష లోపు ఫీజు ఉన్న ఒకే ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు, మొదటి రెండూ రాకపోతేనే. అక్కడికి మీరే వెళ్లి భారతీయ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు పత్రం, విద్యార్థులు డ్యూటీలు చేసే ఆసుపత్రి, నాలుగేళ్లకు రాతపూర్వకంగా ఫీజు వివరాలు అడగండి. మేనేజ్‌మెంట్ సీటుకు రుణం ఎంతవరకు ఇస్తారో బ్యాంకు మేనేజరును కలిసి తెలుసుకున్నాకే అడుగు వేయండి.

ఏజెంటు అడిగినది మొత్తం 91,500. వాన బాగున్న రోజుల్లో మీ ఇంటికి నెలకు తక్కువపడే 4,000 చొప్పున అది దాదాపు 23 నెలలకు సరిపోతుంది. పైగా జూన్‌లో కట్టమంటున్నారు. విత్తనాలకు, ఎరువులకు మీ ఆయన డబ్బు వెతుక్కునే నెల అదే, పంట చేతికి వచ్చేది అక్టోబరు దాటాకే. ఇలా అడ్వాన్సు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కాలేజీ చేతికి ఇచ్చి, కౌన్సెలింగ్‌లో మంచి సీటు వచ్చినప్పుడు అవి తిరిగి రాక ఏడ్చిన కుటుంబాన్ని నేను చూశాను. సీటు ఖాయమై చేరే రోజు వరకు మీ ఒరిజినల్స్ మీ బీరువాలోనే ఉండాలి, ఎవరు అడిగినా జిరాక్సులే ఇవ్వండి.

రాజీనామా కూడా సీటు ఉత్తర్వు చేతికి వచ్చాకే ఇవ్వండి. ఐదేళ్లు నిండకముందే తరగతులు మొదలైతే, మిగిలిన రోజులను మీకున్న సెలవులతో పూర్తి చేసే వీలుందేమో సంస్థను ముందుగా అడగండి. గ్రాట్యుటీ 34,600 ఆ కొద్ది రోజుల మీదే ఆధారపడి ఉంది.